మీ లాయర్‌తోనే పేచీ వస్తే? ఫీజు, ఫైలు, ఫిర్యాదు.. ఏది ఎక్కడ తేలుతుంది?

వాయిదా ఉందంటే టెక్కలి కోర్టుకో, బొబ్బిలి కోర్టుకో పరుగెడతాం. ప్లీడరు గారు చూపించిన చోట సంతకం పెడతాం. అడిగినప్పుడల్లా డబ్బు ఇస్తాం కానీ రసీదు అడగడానికి మొహమాటపడతాం. అంతా సజావుగా నడిచినంత కాలం ఇబ్బంది లేదు. మాట తేడా వచ్చిన రోజున మాత్రం మన చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లలో సంపాదించేవారు చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. కోర్టు చుట్టూ తిరిగేది ఊళ్లో ఉన్న పెద్దవాళ్లు. లాయర్‌తో పేచీ వస్తే ఎక్కడికి వెళ్లాలో వాళ్లకు చెప్పేవారు తక్కువ.

ముందు కేసు ఏ దశలో ఉందో చూడండి

గొడవ మొదలుపెట్టే ముందు కేసు బతికి ఉందో లేదో తెలుసుకోవాలి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో 16 అంకెలు, అక్షరాలు ఉండే సీఎన్ఆర్ నంబర్ కొడితే గత వాయిదాలు, తర్వాతి తేదీ, ఆర్డర్లు కనిపిస్తాయి. పార్టీ పేరుతోనూ వెతకొచ్చు.

హాజరు కాలేదని సివిల్ కేసు కొట్టేసినా, ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చినా తిరిగి తెరిపించుకునేందుకు మామూలుగా 30 రోజులే గడువు. ఆలస్యానికి తగిన కారణం చూపాల్సి వస్తుంది. అందుకే లాయర్‌పై కోపంతో వాయిదాకు వెళ్లడం మానేయొద్దు.

గెలిస్తే ఇంత శాతం అనడం చెల్లుతుందా?

చెల్లదు. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 20వది నిషేధిస్తోంది. రోడ్డు ప్రమాద పరిహారం కేసుల్లో ఈ శాతాల బేరం ఎక్కువగా వినిపిస్తుంది.

తెలంగాణకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2017 డిసెంబర్ 5న దీనిపై స్పష్టంగా తీర్పు చెప్పింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ పరిహారం కోసం కేసు వేశారు. ఫీజు కింద రూ.10 లక్షలు ఇచ్చానని, డబ్బు లేదన్నా వినకుండా 2014లో మరో రూ.3 లక్షలకు చెక్కు రాయించుకున్నారని ఆమె వాదన. ఆ చెక్కు బౌన్స్ కావడంతో లాయర్ ఆమెపైనే కేసు పెట్టారు. దాన్ని కొట్టేయడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు కొట్టేసింది. డిక్రీ సొమ్ములో శాతం చొప్పున ఫీజు అడగడం చట్టవిరుద్ధమని, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుందని చెప్పింది.

ఫీజు బాకీ ఉంటే ఫైలు ఆపొచ్చా?

ఆపకూడదు. ఇది 2000లో సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయం. మధ్యప్రదేశ్ రాష్ట్ర సహకార బ్యాంకు తన న్యాయ సలహాదారును తొలగించింది. తనకు రూ.97,100 రావాలని, ఇచ్చేవరకు ఫైళ్లు ఇవ్వనని ఆయన కూర్చున్నారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆయన్ను 18 నెలలు ప్రాక్టీసు నుంచి దూరం పెట్టింది. సుప్రీంకోర్టు శిక్షను మందలింపుకు తగ్గించినా, సూత్రం విషయంలో మాత్రం రాజీ పడలేదు. బాకీ ఫీజును చట్టప్రకారం వేరే మార్గంలో వసూలు చేసుకోవాలి తప్ప కేసు కాగితాలను తాకట్టులా పట్టుకోకూడదు.

ఫైలు ఇవ్వమని ముందు స్పీడ్ పోస్టులో ఒక లేఖ పంపండి. ఈలోగా కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి, రికార్డులో ఉన్న కాగితాలకు సర్టిఫైడ్ కాపీలు తీసుకోవచ్చు.

లాయర్‌ను మార్చాలంటే పాత లాయర్ ఎన్‌వోసీ ఇవ్వడం ఆనవాయితీ. ఇవ్వకపోతే దారి మూసుకుపోదు. కొత్త లాయర్ కారణం చెప్పి కోర్టు అనుమతి తీసుకుని హాజరు కావచ్చు. లాయరే మధ్యలో తప్పుకుంటే తగిన కారణం ఉండాలి, ముందుగా చెప్పాలి, చేయని పనికి తీసుకున్న ఫీజు వెనక్కి ఇవ్వాలి.

మన తరఫున డబ్బు ఆయన చేతికొస్తే?

క్లయింట్ సొమ్ముకు లాయర్ లెక్క రాసి ఉంచాలి. డబ్బు అందిన వెంటనే క్లయింట్‌కు చెప్పాలి. అడిగితే లెక్క కాపీ ఇవ్వాలి. ఆ సొమ్మును తన అప్పుగా మార్చుకోకూడదు. ఇవన్నీ బార్ కౌన్సిల్ నిబంధనలే. ఖాళీ చెక్కుల మీద, రాయని కాగితాల మీద సంతకాలు పెట్టకపోవడమే మన వైపు జాగ్రత్త.

ఫిర్యాదు ఎక్కడ?

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న తీర్పు ఇచ్చింది. 2007లో జాతీయ కమిషన్ చెప్పినదాన్ని ఈ తీర్పు పక్కన పెట్టింది.

స్థానిక బార్ అసోసియేషన్ పెద్దలు సర్దిచెప్పగలరు. శిక్షించే అధికారం వారికి లేదు. అది 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. మన రెండు జిల్లాల లాయర్లపై ఫిర్యాదు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు పంపాలి.

ఫిర్యాదును తెలుగులోనే రాయొచ్చు. ఏ తేదీన ఏం జరిగిందో వరుసగా రాసి, సంతకంతో ధ్రువీకరించి, నిర్ణీత రుసుము కట్టాలి. వకాలత్ కాపీ, చెల్లింపుల రుజువులు, వాట్సాప్ సందేశాలు జత చేయాలి. కౌన్సిల్‌కు ప్రాథమికంగా నమ్మకం కలిగితే ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. కమిటీ మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, పేరును రోల్ నుంచే తొలగించవచ్చు.

ఏడాదిలో తేలకపోతే ఆ కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. రాష్ట్ర కమిటీ ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికే, ఆ తర్వాత మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు చేయొచ్చు.

మరి డబ్బు వెనక్కి వస్తుందా?

బార్ కౌన్సిల్ పని లాయర్ ప్రవర్తనను విచారించడం, మన బాకీ వసూలు చేయడం కాదు. డబ్బు కోసం సివిల్ కోర్టులో దావా వేయాలి. సాధారణంగా గడువు మూడేళ్లు. మన పరిహారం సొమ్మును కాజేస్తే, సంతకం ఫోర్జరీ చేస్తే అది నేరం కూడా. దానికి పోలీసులు ఉన్నారు.

అలాగని కేసు ఓడిపోవడం లాయర్ తప్పు కాదు. కోర్టులో జరిగే ప్రతి ఆలస్యానికీ ఆయనే కారణం కాదు. ఓటమి కోపంతో పెట్టిన ఫిర్యాదు నిలబడదు. అవతలి పక్షంతో కుమ్మక్కు, లెక్క చెప్పకపోవడం, ఫైలు ఇవ్వకపోవడం, కేసు వేయకుండానే వేశానని చెప్పడం వంటివి రుజువులతో చూపిస్తే నిలబడుతుంది.

కొత్త లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థలను అడగండి. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

కొత్త లాయర్‌తో మొదటి రోజే మూడు పనులు చేయండి. ఫీజు ఎంత, అందులో ఏయే ఖర్చులు కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో ఇవ్వండి, నగదైతే రసీదు తీసుకోండి. సీఎన్ఆర్ నంబర్ అడిగి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ దాచుకోండి.