ఇంటికి చాలిన టార్క్ రెంచి

మలక్‌పేట సందులలో సెలవునాడు ఇంటి గుమ్మం ముందే స్కూటరు ప్లగ్గు విప్పి, తుడిచి, తిరిగి బిగించుకొనేవారు కనబడుతుంటారు. విప్పడంలో కష్టం లేదు. చిక్కంతా బిగించడంలోనే ఉన్నది. ప్లగ్గు మరలు ఉక్కువి, అది కూర్చునే ఇంజను తల అల్యూమినియంది. చేతి అంచనాతో "మరికొంచెం" అని తిప్పితే మెత్తని అల్యూమినియం మరలే ముందు తెగుతాయి. అప్పుడు ఇంజను తలనే విప్పి బాగుచేయించవలసి రావచ్చును. వదులుగా ఉంచితే ప్లగ్గులోని వేడి ఇంజనుకు చేరక, ప్లగ్గు కాలిపోతుంది.

బిగింపును కొలిచి చూపే పానాయే టార్క్ రెంచి. పిడిపై వేసిన బలాన్ని, బోల్టు మధ్య నుండి చేతి వరకు గల దూరంతో గుణిస్తే వచ్చేది టార్కు. మీటరు దూరంలో కిలోగ్రాము బరువు వ్రేలాడితే అది సుమారు 9.8 న్యూటన్-మీటర్లు. 10 మిల్లీమీటర్ల ప్లగ్గుకు సాధారణంగా 10 నుండి 12, 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 25 నుండి 30 న్యూటన్-మీటర్లు చాలును. కారు చక్రాల నట్లకు 100 ప్రాంతంలో కావాలి. అయితే బండితో వచ్చిన పుస్తకంలోని అంకెయే ప్రమాణం.

చాలామంది పొరబడేది ఇక్కడనే. చవకగా వచ్చినదని 40 నుండి 200 వరకు కొలిచే పెద్ద రెంచి కొంటారు; అది ప్లగ్గు దగ్గర ఎందుకూ పనికిరాదు. తరచు బిగించే అంకె రెంచి కొలమానంలో నడుమ పడాలి.

"టిక్కు"మనే రెంచిలో స్ప్రింగు ఉంటుంది. పని ముగిశాక దానిని అతి తక్కువ గుర్తుకు దింపి ఉంచాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 న్యూటన్-మీటర్లకు పైన దాని దోషం నూటికి 4 మించరాదు. ముల్లు రకం ఇంకా సాదా. ఉక్కు కడ్డీ బలానికి తగినట్లు వంగుతుంది, వంగని ముల్లు ఆ వంపును చూపుతుంది. ముల్లును తిన్నగా పైనుండి చూడాలి. ఇరుకు చోట్ల అది కష్టమే. అయినా తక్కువ ఖర్చులో ఇంటికి ఇదే మేలు, ఎందుకంటే దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చును.

రెంచి చతురస్రపు కొనను పట్టుకారులో బిగించి, కడ్డీని అడ్డంగా నిలిపి, ముల్లు ఎక్కడ ఉన్నదో గుర్తించాలి. మలక్‌పేట గంజిలో తూకం వేయించిన ఉల్లిపాయలు, సంచితో కలిపి 10 కిలోలు, పిడి నడుమ కట్టాలి. ఆ చోటు కొనకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ముల్లు 39 న్యూటన్-మీటర్ల మేర జరగాలి. పెద్ద తేడా కనబడితే ఆ రెంచిని నమ్మరాదు.

రెంచి సరియైనదైనా మరొక మోసం మిగిలి ఉన్నది. మనం వేసే టార్కులో సుమారు పదోవంతు మాత్రమే బోల్టును సాగదీసి పట్టు ఇస్తుంది. తక్కినదంతా తల క్రిందా, మరలలోనూ ఘర్షణకే పోతుంది. పొడి మరలకు చెప్పిన అంకెతో నూనె రాసిన మరలను బిగిస్తే, ఘర్షణ తగ్గి, ముల్లు అదే అంకె చూపుతుండగానే బోల్టు మితిమీరి సాగుతుంది.