ఊరు గీసే చదువు, బెజవాడలో

విజయవాడ ఐటీఐ రోడ్డులో ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌కు దారి అడిగితే, ఆర్కిటెక్చర్ కాలేజీయేనా అంటూ చూపిస్తారు. ఇళ్లకు డిజైన్లు గీసే చదువొకటి ఉందని జనానికి తెలుసు. ఏ పొలం కాలనీ కావచ్చో, ఏ కాలవ గట్టును ముట్టుకోకూడదో, బస్సు ఎటు తిరగాలో, ఊరి చెత్త ఎక్కడికి పోవాలో తేల్చడానికి కూడా రెండేళ్ల పీజీ కోర్సు ఉందని, అది తమ ఊళ్లోనే నడుస్తోందని తెలిసినవాళ్లు తక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి కదలని ఊరు ఇది. దేశంలో ఈ చదువు అక్కర ఎక్కడుందో చూపించమంటే నేను ముందు బెజవాడనే చూపిస్తాను.

కేంద్రం 2008లో భోపాల్‌తో పాటు ఇక్కడా ఈ స్కూలు పెట్టింది. అప్పటిదాకా ఈ పేరుతో కేంద్రం నడిపింది ఢిల్లీ స్కూలు ఒక్కటే. దాని మూలాల్లో ఒకటి 1955లో పెట్టిన టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ స్కూలు. తెలుగు విద్యార్థులకు ప్లానింగ్ అంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ గుర్తొచ్చేది. ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీగా ఉన్న ఆ ప్రాంగణం నుంచే చాలామంది టౌన్ ప్లానర్లు వచ్చారు. విజయవాడ స్కూలు కొన్నాళ్లు నిడమానూరులో హైవే పక్కన నడిచి, తర్వాత ఐటీఐ రోడ్డుకు చేరింది. 2014 డిసెంబరులో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. సరిగ్గా ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం చేసింది. కృష్ణ అవతలి ఒడ్డున 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం అమరావతిని గీయడం మొదలైంది. ఊళ్లు గీయడం నేర్పే బడి ఈ ఒడ్డున, కొత్తగా గీస్తున్న ఊరు ఆ ఒడ్డున! ప్లానింగ్ విద్యార్థికి ఇంతకు మించిన చోటు దొరకదు.

ప్లానింగ్ పీజీలో ఇక్కడ ప్రధానంగా రెండు దారులు: ఒకటి పట్టణ, ప్రాంతీయ ప్రణాళిక, రెండోది పర్యావరణ ప్రణాళిక, నిర్వహణ. గేట్ స్కోరుతో సీటు వస్తుంది. ఆర్కిటెక్చర్ చదివినవాళ్లు, ప్లానింగ్‌లో డిగ్రీ చేసినవాళ్లు, సివిల్ ఇంజినీర్లు ఎక్కువగా వస్తారు. జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీ ఎమ్మేలకూ ఈ చదువులో తలుపులు తెరిచే ఉంటాయి. అలా ఉండటమే న్యాయం. డ్రైనేజీ వాలు లెక్కగట్టేవాడికి ఆ వీధిలో అద్దె ఎంతో తెలియదు. అద్దె తెలిసినవాడికి మ్యాపు చదవడం రాదు. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒకే ఊరి గురించి వాదించుకోవాల్సి రావడమే మొదటి సెమిస్టరు చేసే మేలు.

ఈ చదువుకు గుండెకాయ స్టూడియో. లెక్చర్ క్లాసులు పక్కన నడుస్తుంటాయి గానీ, సెమిస్టరంతా తిరిగేది స్టూడియో చుట్టూనే. ఒక వార్డునో, పట్టణాన్నో, జిల్లానో అప్పగిస్తారు. పిల్లలు ముందు వీధుల్లో పడి తిరగాలి. ప్రతి స్థలం దగ్గరా ఆగి, ఇప్పుడు అక్కడ ఏముందో రాసుకోవాలి. వచ్చాక మ్యాపు మీద రంగులు వేయాలి. నివాసాలకు పసుపు, వ్యాపారాలకు నీలం, పరిశ్రమలకు ఊదా, బడులు, ఆసుపత్రులు, ఆఫీసులకు ఎరుపు, పార్కులకు ఆకుపచ్చ. వన్‌టౌన్‌లో ఈ పని పెడితే మొదటి గంటలోనే చేయి ఆగిపోతుంది. కింద హోల్‌సేల్ కొట్టు, మధ్యలో గోడౌను, పైన కాపురం, మెట్ల కింద టైలరు. ఆ ఇంటికి ఏ రంగు వేయాలి? దీనికి సమాధానం వెతకడంలోనే సగం చదువు ఉంది. ఒక్కో స్థలానికి ఒక్కో వాడకం అని కాగితం మీద పెట్టుకున్న పద్ధతి మన పాత బజార్లను ఎంత తప్పుగా చదువుతుందో అక్కడ కళ్లకు కడుతుంది.

తర్వాత ట్రాఫిక్ సర్వే. ఒక కూడలిలో నిలబడి, పావుగంటకోసారి ఏ బండ్లు ఎన్ని పోయాయో గీతలు గీస్తూ లెక్కపెట్టాలి. బెంజ్ సర్కిల్ లాంటి చోట సాయంత్రం ఆరింటికి ఆ పని చేస్తే తల తిరుగుతుంది. ఆ లెక్కనంతా కార్ల లెక్కలోకి మార్చడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టిక ఉంది. కారు 1 అయితే సైకిలు 0.4, బైకు 0.5, వాటి వాటా పెరిగితే ఇంకాస్త ఎక్కువ. ఆటో, బస్సు, లారీ, తోపుడుబండి అన్నింటికీ అంకెలున్నాయి. నడిచిపోయే మనిషికి మాత్రం ఆ పట్టికలో అంకె లేదు. అతన్ని విడిగా లెక్కపెట్టాలి. ఆ రెండో లెక్క ఎవరూ అడగకపోతే, స్కూలు బ్యాగుతో రోడ్డు దాటే పిల్లకు సిగ్నల్‌లో ఒక్క సెకను కూడా మిగలదు. మంచి స్టూడియో ఆ లెక్కను అడిగి మరీ తెప్పిస్తుంది. ఫ్లైఓవర్లు కట్టే ఊళ్లకు ఈ అలవాటు చాలా అవసరం.

బెజవాడ కొండల మీదికి ఎక్కితే పుస్తకం ఇంకొంచెం వెనకబడుతుంది. మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండవాలుల్లో వేల కుటుంబాలున్నాయి. అక్కడ వీధి అంటే మెట్లు. గ్యాస్ సిలిండరు భుజాన మోయాలి, జబ్బు మనిషిని కుర్చీలో దించాలి. వీళ్లను కొండ మీదికి పంపింది కింద స్థలం ధర. ఇక్కడి ఆడవాళ్లు కింది ఇళ్లలో పని చేస్తారు, మగవాళ్లు బజార్లో ముఠా కూలీలు, ఆటో డ్రైవర్లు. ఊరికి దూరంగా కట్టిన కాలనీకి తరలిస్తే కూలి దారిఖర్చులకే పోతుంది. అలాగని కొండను అలా వదిలేయడమూ కుదరదు. 2024 ఆగస్టు 31న వానకు మొగల్రాజపురంలో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఎక్కడ రిటైనింగ్ గోడ చాలు, ఎక్కడ ఇళ్లు ఖాళీ చేయించక తప్పదు, ఖాళీ చేయిస్తే ఎంత దగ్గర్లో చోటివ్వాలి అని ఇంటింటి సర్వేతో తేల్చగలిగేది ఈ చదువు చదివినవాళ్లే. ఆ పని ఆఫీసులో కూర్చుంటే కాదు.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తర అంచు మీదుగా పారి కొల్లేరులో కలుస్తుంది. వరద ఊరి మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ చానల్‌తో నీళ్లను ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించారు. ఏర్పాటు బాగానే ఉంది. అయితే కృష్ణ కూడా నిండుగా పారుతుంటే, చానల్ నీళ్లను నది లోపలికి తీసుకోదు. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ఆ బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. డైవర్షన్ చానల్‌కు గండ్లు పడ్డాయి. నీళ్లు తమ పాత దారి పట్టాయి. ఆ దారిలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఉన్నాయి.

ఆక్రమణల వల్లే మునిగిందని అప్పట్లో చాలామంది తేల్చేశారు. ఆక్రమణలున్న మాట నిజమే. కానీ వాంబే కాలనీ ఆక్రమణ కాదు. పేదల గృహ పథకం కింద ప్రభుత్వం కట్టిచ్చిన కాలనీ అది, పేరులోనే పథకం ఉంది. జక్కంపూడి వైపు సర్కారు కట్టిన ఇళ్లూ నీళ్లలో నిలిచాయి. పల్లంలో భూమి చవక గనక పేదల కాలనీ అక్కడికి చేరింది. స్థలం ఎంపిక చేసిన రోజున ఆ ఫైలు మీద వరద మట్టం గీత ఉందా, ఉంటే ఎవరు దాటారు? ప్లానింగ్ స్కూల్లో స్టూడియో పనిని పరీక్షించే ఏ జ్యూరీ అయినా విద్యార్థిని నిలదీసే మొదటి ప్రశ్న ఇదే. ఊళ్లో ఈ ప్రశ్న అడగాల్సిన జ్యూరీ ఎక్కడుందని నా బాధ.

బుడమేరు పుట్టేది కార్పొరేషన్ హద్దుల బయట, కలిసేది ఇంకో జిల్లాలో. విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం 62 చదరపు కిలోమీటర్లకు లోపే. ఆ గీత లోపల ఎంత బాగా గీసినా, ఎగువన చెరువులు పూడిపోతే మునిగేది సింగ్‌నగరే. ఇక్కడి కోర్సులో పట్టణం పక్కన ప్రాంతీయ ప్రణాళిక ఎందుకుందో అడిగేవాళ్లకు బుడమేరు కంటే వేరే జవాబు అక్కర్లేదు.

అవతలి ఒడ్డున పాఠం వేరు. 29 గ్రామాల రైతుల భూములను సమీకరించి, అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగివ్వడం అమరావతి పద్ధతి. అక్కడ జరీబు భూమికి, మెట్టకు తేడా తెలియకుండా ఒక్క పేజీ కూడా అర్థం కాదు. ఏటి ఒడ్డున మూడు పంటలు పండే జరీబు రైతుకు వాణిజ్య ప్లాటు ఎక్కువ వచ్చింది, మెట్ట రైతుకు తక్కువ. భూమి లేని కూలీకి ప్లాటు రాలేదు, నెలనెలా పింఛను వచ్చింది. మల్లెతోటలో, అరటితోటలో ఏడాదంతా పని దొరికిన మనిషికి ఆ పింఛను సరిపోతుందా అన్నది ఇక్కడ ఎవరైనా రాయదగిన థీసిస్. ప్లాన్‌లో యజమానికి మాత్రమే గడి ఉంటే, మిగతావాళ్లు ఎక్కడికి పోతారన్నది ప్లానరు అడిగి తీరాలి.

రెండేళ్లు ఇదంతా నేర్చుకుని బయటికి వచ్చిన పిల్లలు ఎక్కడికి పోతున్నారు? కన్సల్టెన్సీలకు, కొందరు రియల్ ఎస్టేట్ కంపెనీలకు, కొందరు పరిశోధనకు, విదేశాలకు. మునిసిపాలిటీలకు మాత్రం తక్కువ. తప్పు వాళ్లది కాదు. 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక చూడండి. దేశంలోని 7,933 పట్టణ స్థావరాల్లో 65 శాతానికి మాస్టర్ ప్లాన్ లేదు. రాష్ట్రాల టౌన్ ప్లానింగ్ శాఖలకు 12 వేల మందికి పైగా ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు 4 వేలకు లోపే, అందులోనూ సుమారు సగం ఖాళీ. చాలా రాష్ట్రాల్లో ఆ పోస్టుకు ప్లానింగ్ డిగ్రీ తప్పనిసరి కూడా కాదు. 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకు అప్పగించదగిన 18 పనుల్లో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మొదటి పనికే మనుషులు లేరు.

జనానికి తెలిసిన టౌన్ ప్లానింగ్ విభాగం ఇంటి ప్లాన్‌కు అనుమతులిచ్చే కౌంటరు. సెట్‌బ్యాక్ వదిలారా లేదా, అదనపు అంతస్తుకు జరిమానా ఎంత, లేఅవుట్ క్రమబద్ధీకరణ ఫైలు ఎక్కడుంది? అక్కడి సిబ్బందికి రోజంతా దీంతోనే సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ సెక్రటరీ పోస్టు కూడా ఉంది. దేశంలో మరెక్కడా ప్లానింగ్ ఇంత కింది దాకా రాలేదని నా నమ్మకం. ఆ సెక్రటరీ చేతిలో వార్డు వాలు మ్యాపు, వాననీటి కాలవల మ్యాపు, ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారో చెప్పే జాబితా ఉంటే, వరద రోజున పడవ ఎటు పోవాలో తెలిసేది.

ఐటీఐ రోడ్డు నుంచి సింగ్‌నగర్ ఆటోలో పోయేంత దూరం. ప్రతి సెమిస్టరు ఒక స్టూడియో బ్యాచ్ ఒక వార్డు తీసుకోవాలి, వాళ్లు గీసిన మ్యాపు మార్కులు పడగానే బీరువాలోకి పోకుండా ఆ వార్డు సచివాలయం గోడ మీదికి పోవాలి. కార్పొరేషన్, స్కూలు కలిసి ఒక ఒప్పందం రాసుకుంటే ఇది వచ్చే సెమిస్టరులోనే మొదలుపెట్టొచ్చు. దాంతో పాటు ప్రభుత్వం చేయాల్సింది ఇంకొకటుంది: లక్ష జనాభా దాటిన ప్రతి మునిసిపాలిటీలో ప్లానింగ్ పీజీ చదివిన ఒక్కరినైనా, అనుమతుల కౌంటరుతో సంబంధం లేని పోస్టులో నియమించాలి.