వీధి దీపాల కరెంటు లెక్క

ఒక వీధి దీపం ఏడాదికి సుమారు 4,000 గంటలు వెలుగుతుంది. 250 వాట్ల సోడియం దీపం తీసి 120 వాట్ల ఎల్‌ఈడీ బిగిస్తే ఏటా 520 యూనిట్ల దాకా మిగులుతాయి. బొగ్గు మీదే ఎక్కువగా నడిచే మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. అంటే ఒక్క స్తంభం దగ్గరే ఏడాదికి 360 కిలోలకు పైగా ఉద్గారాలు తగ్గినట్టు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో వీధి దీపాల వ్యవస్థను ఛిన్నాభిన్నం చేసింది. పునరుద్ధరణలో పాత రకం దీపాలకు బదులు 90 వేలకు పైగా ఎల్‌ఈడీలు అమర్చారు. ఆ పని చేపట్టిన కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్ఎల్. 2015 జనవరిలో మొదలైన జాతీయ వీధి దీపాల పథకం కింద దేశమంతటా 1.3 కోట్లకు పైగా దీపాలు మారాయి.

దీపం మార్చడం సగం పనే. తెల్లవారి ఎండ ఎక్కినా వెలుగుతూనే ఉండే దీపాలు ఏ ఊళ్లోనైనా కనిపిస్తాయి. ఈ వృథాను అరికట్టేది స్విచింగ్ పాయింట్ దగ్గర పెట్టే కంట్రోల్ ప్యానెల్. ఒక్కో ప్యానెల్ కింద పదుల కొద్దీ దీపాలుంటాయి. లోపలి టైమర్ సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలను రోజువారీగా లెక్కగట్టి దీపాలను వెలిగించి, ఆర్పుతుంది. ప్యానెల్ తనలోని మీటరు రీడింగును సిమ్ కార్డు ద్వారా కంట్రోల్ రూముకు పంపుతుంది. లోడు ఉన్నట్టుండి పడిపోతే ఏ లైనులో దీపాలు ఆరిపోయాయో, పెరిగితే ఏ లైనుకు దొంగ కొక్కెం తగిలించారో పసిగట్టవచ్చు. ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగనక్కర్లేదు.

ఈ మీటరుకు మరో ముఖ్యమైన ప్రయోజనం ఉంది. పెట్టుబడిని ముందుగా ఈఈఎస్ఎల్ పెడితే, మునిసిపాలిటీ ఆదా అయిన బిల్లులోంచి కొన్నేళ్లపాటు వాయిదాలు కడుతుంది. మీటరు లెక్కతో ఆదా ఎంతో పక్కాగా తేలితేనే ఆ ఒప్పందం నిలుస్తుంది. డబ్బులేని చిన్న మునిసిపాలిటీలకూ ఈ మార్పు అందుబాటులోకి రావడానికి ఈ వాయిదాల ఏర్పాటే కారణం.

అర్ధరాత్రి దాటాక రద్దీ లేని రోడ్లపై వెలుతురు తగ్గించే వీలూ ఎల్‌ఈడీల్లో ఉంది. బస్టాండ్లు, ఆస్పత్రుల దారులు, ఆడవాళ్లు పని ముగించుకుని తిరిగొచ్చే వీధుల్లో మాత్రం ఆ పొదుపు తగదు. ఆ నిర్ణయం సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా వార్డు స్థాయిలో తీసుకోవాలి.

సిమ్ రీచార్జి ఆగినా, ప్యానెల్ పాడైనా కంట్రోల్ రూము తెరపైనుంచి ఆ వీధి మాయమవుతుంది. అందుకే దీపాల కొనుగోలుతో పాటే నిర్వహణకూ, నిచ్చెన ఎక్కి బాగుచేసే సిబ్బందికీ ఏటా బడ్జెట్ కేటాయించాలి.