వాహనాల మార్పులు: ముచ్చటకు చట్టం గీసిన గీత

కొన్న కారునో జీపునో తన అభిరుచికి తగ్గట్టు తీర్చిదిద్దుకోవాలనే కోరిక తెనాలి, రేపల్లె, బాపట్ల, చీరాల-పేరాల ప్రాంతాల యువతలోనూ ఉన్నది; 216వ నంబరు జాతీయ రహదారి మీదుగా సూర్యలంక, వాడరేవు తీరాలకు వచ్చే వాహనాలలో వెడల్పాటి టైర్లు, అదనపు దీపాలు కనిపిస్తాయి. అయితే ఈ హంగులలో ఏది చట్టసమ్మతమో, ఏది నేరమో యజమానికి గాని, బిగించే షెడ్డు మెకానిక్కుకు గాని స్పష్టంగా తెలియనప్పుడు, డబ్బు పోసి తీర్చుకున్న ముచ్చట తనిఖీలో జరిమానాకు దారితీస్తుంది.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఈ విషయంలో మూలసూత్రం. జనం సి-బుక్కు అని పిలుచుకునే రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని తన వాహనాన్ని మార్చరాదన్నది దాని సారాంశం. కేరళ నుంచి వచ్చిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ సెక్షనును కఠినంగా వ్యాఖ్యానించి, తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా రూపు మార్చిన వాహనాన్ని రిజిస్టరు చేయడం కుదరదని తేల్చింది. అయినా చట్టం అన్ని తలుపులూ మూయలేదు. ఆమోదం పొందిన కిట్టుతో గ్యాసుకో బ్యాటరీకో మారడానికి, వికలాంగులు నడపగలిగేలా వాహనాన్ని అమర్చుకోవడానికి అందులోనే వీలున్నది. రంగు మార్చుకున్నవారు ఆ సంగతిని రవాణా కార్యాలయంలో తెలిపి సి-బుక్కులో నమోదు చేయించుకోవాలి.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు కొత్త రూపం ఇచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. అద్దాల విషయంలో ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు ప్రసరించాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించగా, ఆ తరువాత నిబంధనలు మారినందువల్ల పై పరిమితులకు లోబడిన ఫిల్ములు చెల్లుతాయని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అభిప్రాయపడింది. న్యాయస్థానాలకే ఇంత వ్యాఖ్యానం అవసరమైన చోట సామాన్యుడు తికమక పడటంలో వింత లేదు.

ఈ కట్టడి వెనుక బలమైన కారణాలున్నాయి. స్పీడోమీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్కను బట్టి వేగాన్ని చూపుతుంది. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే, మీటరు 80 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు బండి నిజానికి 84 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. 60 వాట్ల హెడ్‌లైటు బల్బు 12 వోల్టుల మీద సుమారు 5 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటే, దాని స్థానంలో పెట్టిన 100 వాట్ల బల్బు 8 ఆంపియర్లకు పైగా లాగి, అందుకు తగని సన్నటి వైరును వేడెక్కిస్తుంది. ఎదురుగా వచ్చేవారి కళ్లకు ఆ వెలుగు చేసే చేటు దీనికి అదనం. సైలెన్సరు మార్చేటప్పుడు విషవాయువుల తీవ్రతను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరును తీసివేస్తే ధ్వనితో పాటు పొగ కూడా ఊరి మీద పడుతుంది. 2025 అక్టోబరు 24న కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు దగ్ధమై ప్రయాణికులు సజీవదహనమైనప్పుడు, సీట్ల బస్సును స్లీపరుగా మార్చారన్న ఆరోపణ రావడం కూడా ఈ నియంత్రణ ఎంత ముఖ్యమో గుర్తు చేసింది.

అయితే నిజమైన అభిమాని కోరేది ప్రమాదాన్ని కాదు. మంచి సస్పెన్షను, నాణ్యమైన బ్రేకులు బిగించుకుని బండిని మరింత సురక్షితం చేసుకోదలచిన వ్యక్తికీ, చెవులు చిల్లులు పడే సైలెన్సరు పెట్టి వీధులు తిరిగే వ్యక్తికీ మధ్య తేడాను వ్యవస్థ గుర్తించాలి. జర్మనీలో విడిభాగాలకు ముందే పరీక్షలతో కూడిన ఆమోదపత్రాలు ఉంటాయి. అవసరమైన సందర్భాలలో బిగించిన తరువాత అధీకృత నిపుణుడు వాహనాన్ని పరిశీలించి ధ్రువీకరిస్తాడు. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో కాలుష్యాన్ని పెంచవని రుజువైన భాగాలకు ప్రభుత్వ సంస్థ మినహాయింపు సంఖ్య కేటాయిస్తుంది కనుక, కొనేవాడు ఆ సంఖ్యను చూసి నిశ్చింతగా బిగించుకోవచ్చు.

మన దేశంలో పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలున్నా, ఒక్క కారు కోసం ఒక్క యజమాని అంత దూరపు గడప తొక్కడం ఆచరణలో సాధ్యం కాదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల తరతరాలుగా పెరిగిన పనితనం దొంగచాటు పనిగా దిగజారకుండా ఉండాలంటే, అనుమతించిన మార్పుల జాబితాను తెలుగులో ప్రకటించాలి. ఆమోదిత భాగాలకు సులభంగా గుర్తించగల ముద్ర ఉండాలి. జిల్లా స్థాయిలో బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్షించి సి-బుక్కులో నమోదు చేసే పద్ధతి రావాలి. అంతవరకు యజమానులు మార్పు చేయించే ముందే రవాణా కార్యాలయంలో విచారించి, బీమా సంస్థకూ తెలియజేయడం మేలు. గీత ఎక్కడుందో అందరికీ కనిపించేలా గీసిన నాడే దాన్ని దాటినవారిని శిక్షించడంలో పూర్తి న్యాయం ఉంటుంది.