ఎర్ర అట్ట పుస్తకం



గ్రంథాలయంలో మంచి పుస్తకం కంటబడితే మనం ఏం చేస్తాం? చదువుతాం, మురిసిపోతాం, తిరిగి ఇచ్చేస్తాం. ఆ తర్వాత ఎవరైనా అడిగితే "భలే పుస్తకమండీ, ఎర్ర అట్ట, కాస్త లావుగా ఉంటుంది" అని చెబుతాం. ఆ మాట పట్టుకుని వెళ్లినవాడికి అక్కడ ఎర్ర అట్టలు వంద కనిపిస్తాయి.

ఈ తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల కిందట చెన్నపట్నంలోని ఒక గ్రంథాలయంలో ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' చూశాను. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న పట్నం నుంచి బయలుదేరి తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైలు లేని రోజుల్లో, సుమారు వందమంది పరివారంతో చేసిన ప్రయాణం అది. దారిలో ఏ ఊళ్లో బస దొరుకుతుంది, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఏ ఏరు ఎలా దాటాలి, అన్నీ రాసుకున్నారు. మనం బస్సులో కునికిపాట్లు పడుతూ దాటేసే తిరుపతి దారి అందులో ఉంది. ఇంతకన్నా మన ప్రాంతం వాళ్లకు కావలసిన పుస్తకం ఏముంటుంది!

ఊత్తుకోట దగ్గరి ఒక పెద్దాయనతో ఉత్సాహంగా చెప్పాను. ఆయన రెండు బస్సులు మారి పట్నం వెళ్లి, సాయంత్రానికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. "అయ్యవారూ, మీరు చెప్పిన పుస్తకం అక్కడ లేదంటున్నారే" అన్నారు. పుస్తకం అక్కడే ఉంది. లోపం నా చెప్పడంలో ఉంది.

ఏం జరిగిందో తర్వాత విచారిస్తే తెలిసింది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. అందుకని ఆయన 'ఏనుగుల' అని అడిగారు. తమిళదేశంలో పేరుకు ముందు ఒక పొడి అక్షరం పెట్టి, అసలు పేరుతోనే మనిషిని గుర్తిస్తారు. అక్కడ ఆ పుస్తకం 'వీరాస్వామి' కింద నమోదై ఉంది. పైగా జాబితా ఇంగ్లీషు అక్షరాల్లో. 'వీ' అనే అక్షరానికి ఒకరు 'ఇ' రెండుసార్లు రాస్తారు, ఇంకొకరు 'ఐ' ఒక్కసారి రాసి ఊరుకుంటారు. కంప్యూటరుకు ఈ రెండూ ఒకటేనని ఎవరు చెప్పాలి? కాబట్టి ఒక పేరు దొరక్కపోతే పుస్తకం లేదనుకోకండి. ఇంటిపేరుతో ఒకసారి, పేరుతో ఒకసారి, అక్షరాలు మార్చి ఇంకోసారి వెతకమనండి.

అంతకన్నా సులువు, పుస్తకం వీపు మీద అంటించిన చీటీలోని వర్గ సంఖ్యను రాసుకోవడం. డ్యూయీ దశాంశ పద్ధతి పాటించే చోట తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. తమిళం 894.811. ఆ అంకెలు తెలిస్తే భాష రాని సిబ్బంది కూడా మిమ్మల్ని నేరుగా బీరువా దగ్గరికి తీసుకెళ్లగలరు. ప్రవేశ సంఖ్య అని ఇంకొకటి ఉంటుంది. అది ఆ ఒక్క ప్రతికి మాత్రమే చెందిన అంకె. ఇంకో ఊరి గ్రంథాలయంలో దానితో పని జరగదు.

ఇంత శ్రమ ఎందుకంటారా? పట్నంలోని కన్నెమరా గ్రంథాలయాన్నే తీసుకోండి. ఎగ్మూరులో మ్యూజియం ఆవరణలో 1896లో తెరిచారు. 1954లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా ప్రచురణకర్త ముప్ఫై రోజుల్లోగా తన ఖర్చుతో ఒక ప్రతి అక్కడికి పంపాలి. అలా ప్రతులు అందుకోవలసిన గ్రంథాలయాలు దేశం మొత్తం మీద నాలుగు. మన సరిహద్దుకు దగ్గరలో ఉన్నది ఇదే. అంటే తెలుగు పుస్తకం చట్టం చేయి పట్టుకుని పట్నం దాకా వస్తుంది. అక్కడి నుంచి తడకో నగరికో తిరుత్తణికో దాని కబురు మోసే చట్టం మాత్రం లేదు. తీసే చేయి లేని పుస్తకం వెనక వరుసలోకి పోతుంది. అడిగేవాళ్లు లేని భాషకు కొనుగోళ్లలో వాటా తగ్గుతుంది. సరిహద్దు బడుల్లో తెలుగు చదివే పిల్లలు ఏటా ఎలా తగ్గుతున్నారో చూస్తున్న నాబోటివాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని ఒక సూత్రంగా చెప్పిన రంగనాథన్ గారు ఈ పట్నంలోనే లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు, 1931లో తన అయిదు సూత్రాల గ్రంథం అచ్చు వేశారు. ఆ పని గ్రంథాలయాధికారి ఒక్కడి వల్ల అవుతుందా? చదివినవాళ్లం మనం ఉన్నాం కదా.

మరి ఎలా చెప్పాలి? కథంతా చెప్పేయకండి. ఈ పుస్తకం ఎవరికి పనికొస్తుందో చెప్పండి. స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఉంది. ప్రళయకావేరి అంటే మన పులికాటు సరస్సే. సూళ్లూరుపేట శ్రోతకు "మీ అవ్వ మాట్లాడే మాటలు అచ్చులో చూస్తారు" అంటే చాలు, వేరే వర్ణన అక్కర్లేదు. ఆ పైన పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం, వర్గ సంఖ్య, ఇంటికి ఇస్తారా, అక్కడే కూర్చుని చదవాలా అన్న సంగతి, ముందుగా తెరవవలసిన పుట. ఇదంతా ఒక కార్డు ముక్కలో పడుతుంది. నా అనుభవంలో పుట సంఖ్య చెబితేనే మనిషి కదులుతాడు.

మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ పుస్తకం లేకపోతే సూచనల పుస్తకం అడిగి అందులో రాయండి. మొహమాటం వద్దు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం.

వీరాస్వామయ్య గారు కూడా దారి పొడుగునా తాను చూసింది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి రాసి పంపుతూ వచ్చారు. 1836లో వీరాస్వామయ్య గారు కన్నుమూశాక, 1838లో ఆ స్నేహితుడే దాన్ని అచ్చు వేయించారు. ఆయన తన దగ్గరే దాచుకుని ఉంటే నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఊత్తుకోట పెద్దాయన మళ్లీ వెళ్లారు. ఈసారి అంకెలు రాసిన చీటీ జేబులో ఉంది. పుస్తకం ఇంటికి ఇవ్వలేదు కానీ తిరుపతి దాకా ఉన్న పుటలు జెరాక్సు తీయించుకున్నారు. మొన్న అడిగితే, అవి తన దగ్గర లేవట. పక్కింటాయన పుత్తూరు తీసుకెళ్లారట.