'పనికిరాని నేల' కాదు నౌపడ తంపర: ఉప్పు ఎలా పండుతుంది, పక్షులు ఎందుకొస్తాయి?

బక్రీద్ వచ్చిందంటే మూడు రోజులూ మదరసాల దగ్గర కుర్బానీ తోళ్లు గుట్టలు పడతాయి. వాటికి వెంటనే గల్లుప్పు పట్టించకపోతే తెల్లారేసరికి వాసన కొడతాయి, ఇక కొనేవాడు ఉండడు. ఎండుచేపలకూ ఉప్పు కావాలి, ఊరగాయలకూ ఉప్పు కావాలి. ఇంత అవసరమైన సరుకు ఎక్కడ తయారవుతుందని మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లను అడిగితే ముందు వినిపించే పేరు నౌపడ.

శ్రీకాకుళం జిల్లాలో చెన్నై-కోల్‌కతా హైవే మీద టెక్కలి వస్తుంది. అక్కడి నుంచి సముద్రం వైపు, సంతబొమ్మాళి మండలంలోకి వెళ్తే నేల ఒక్కసారిగా పల్లంగా మారిపోతుంది. ఒకవైపు ఉప్పు మడులు, ఇంకోవైపు రెల్లు, తుంగ, నిలిచిన నీళ్లు. ఈ పల్లపు చిత్తడి భూములనే ఇక్కడివాళ్లు తంపర అంటారు. సోంపేట వైపు ఇలాంటిదాన్నే బీల అంటారు.

ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు

తంపరకు నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. వానాకాలంలో పైనున్న పొలాలు, చెరువుల నీరంతా ఇక్కడికే దిగుతుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు భావనపాడు వైపు ఏరు గుండా ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది. అందుకే ఏడాదిలో కొన్ని నెలలు నీళ్లు చప్పగా, కొన్ని నెలలు ఉప్పగా ఉంటాయి. ఇలాంటి చోట మామూలు మొక్క బతకదు. ఉప్పును తట్టుకునే దళసరి ఆకుల మొక్కలే నేలను అంటిపెట్టుకుని పెరుగుతాయి. రొయ్యపిల్లలు, చేపపిల్లలు వాటి మధ్య దాక్కుని ఎదుగుతాయి. ఇక్కడ పెరిగిన చేపే తర్వాత సముద్రంలో వలకు దొరుకుతుంది.

తుఫాన్ల కాలంలో తంపర చేసే పని ఇంకా ముఖ్యం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అలాంటి వానలు పడ్డప్పుడు వరదనీరు నిలవడానికి ఎక్కడో ఒక పల్లం ఉండాలి. ఆ పల్లాన్ని మట్టి పోసి ఎత్తు చేస్తే నీళ్లు మాయమైపోవు, పక్క ఊళ్లో ఇళ్లలోకి, వరి పొలాల్లోకి వెళ్తాయి.

ఉప్పు ఎలా పండుతుంది?

వెయ్యి లీటర్ల సముద్రపు నీటిలో దాదాపు 35 కిలోల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు సుమారు 27 కిలోలు. దాన్ని విడదీయడానికి కావలసింది ఎండ, గాలి, ఓపిక.

ముందు నీటిని పెద్ద మడుల్లోకి తోడి ఎండకు వదులుతారు. చిక్కబడిన కొద్దీ ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లిస్తారు. చిక్కదనాన్ని బామే డిగ్రీల్లో కొలుస్తారు. సముద్రపు నీరు సుమారు 3 డిగ్రీలు. అది 25 డిగ్రీలకు చేరేసరికి పదోవంతు నీరే మిగులుతుంది, అప్పుడు ఉప్పు గల్లు కట్టడం మొదలవుతుంది. దారిలో జిప్సం ముందే అడుగున పేరుకుంటుంది. 30 డిగ్రీలకు దగ్గరపడితే మెగ్నీషియం వల్ల చేదు వస్తుంది కాబట్టి ఆ నీటిని బయటికి వదిలేస్తారు.

వానలు తగ్గాక మొదలై, ఎండాకాలమంతా సాగే పని ఇది. మండుటెండలో, ఉప్పునీటిలో నిలబడి గల్లును లాగాలి, గట్టు మీదికి మోయాలి. కాళ్లు పగులుతాయి, తెల్లటి ఉప్పు మీద పడ్డ ఎండకు కళ్లు మండుతాయి. ఇంతా చేశాక వేసవిలో ఒక్క గట్టి వాన పడితే మడిలోని పంట కరిగి నీళ్లవుతుంది.

రైలు, పన్ను

నౌపడ పేరు చాలామందికి రైల్వే జంక్షన్‌గా తెలుసు. పర్లాకిమిడి రాజు కట్టించిన నేరో గేజ్ లైను 1900లో ఇక్కడి నుంచే మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పెరిగింది, ఇప్పుడు బ్రాడ్ గేజ్ అయింది. టెక్కలి ప్రాంతం అప్పట్లో గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది.

బ్రిటిష్ కాలంలో సర్కారు అనుమతి లేకుండా చారెడు ఉప్పు చేసుకున్నా నేరమే. గాంధీజీ 1930 ఏప్రిల్ 6న దండిలో ఉప్పు పట్టింది ఆ పన్ను మీద నిరసనగానే. ఆ పన్ను 1947లో పోయింది. అయినా ఉప్పు ఇప్పటికీ రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోనే, 58వ అంశంగా ఉంది.

తేలినీలాపురం చెట్ల మీద

తంపర పక్కనే టెక్కలి మండలంలో తేలినీలాపురం ఉంది. ఏటా సెప్టెంబర్ ప్రాంతంలో పెలికాన్లు, అంటే మన గూడబాతులు, వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలు ఎగరడం నేర్చాక మార్చి, ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని ఇక్కడివాళ్లు అనుకుంటారు, అందుకే ఎవరూ వాటి జోలికి వెళ్లరు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లు, మేత ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతుంటాయి. కొంగ మోకాలి లోతు నీటిలో ముక్కు తెరిచి పెట్టి, చేప తగలగానే మూస్తుంది. నీళ్లు లోతైతే దానికి వేట లేదు, ఎండిపోతే అసలే లేదు. అంటే గూడు ఊళ్లో ఉన్నా, అన్నం తంపరలో ఉంది. ఒకటి పోతే రెండోది నిలవదు.

2021 డిసెంబర్, 2022 జనవరిలో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నెమటోడ్ పురుగులే కారణమని అధికారులు చెప్పారు. నీరు, చేప బాగుంటేనే పక్షి బాగుంటుందని అప్పుడు అందరికీ అర్థమైంది.

కాల్పుల దాకా వెళ్లిన గొడవ

కాగితం మీద తంపర, బీల చాలాసార్లు పనికిరాని ప్రభుత్వ భూములే. ఆ లెక్కతోనే సోంపేట బీలలో, కాకరాపల్లి తంపరలో రెండు ప్రైవేటు థర్మల్ విద్యుత్ కేంద్రాలకు అనుమతులిచ్చారు. ఒక్కోటి 2,640 మెగావాట్లు. చేపలు పట్టుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, కింద పొలాలున్న రైతులు అడ్డం తిరిగారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతిని అప్పటి జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ రద్దు చేసింది. కాకరాపల్లి పనులు మధ్యలో ఆగిపోయాయి.

ఇప్పుడు అదే సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు వస్తోంది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పోర్టు వస్తే పనులొస్తాయని ఆశపడే యువకులు ఈ ఊళ్లలోనే ఉన్నారు, ఆ ఆశ తప్పు కాదు. కానీ పోర్టుతోపాటు రోడ్లు, గోదాములు, లేఅవుట్లు వస్తాయి. వాటికి ముందు కనిపించేది చవకైన పల్లపు నేలే.

చట్టంలో మెలిక

తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం సహజమైన ఉప్పు చిత్తడి నేల అత్యంత సున్నితమైన మొదటి తరగతిలోకి వస్తుంది, అక్కడ కట్టడాలకు గట్టి ఆంక్షలున్నాయి. కానీ 2017 చిత్తడి నేలల నిబంధనలు ఉప్పు తయారీకి మనుషులు కట్టిన మడులను చిత్తడి నేలగా లెక్కించవు. పక్షికి గట్టుకు ఇవతలైనా అవతలైనా ఒకటే, చట్టానికి మాత్రం రెండూ వేరు. అందుకే ఉప్పు పని గిట్టుబాటు కాక మడి వదిలేస్తే ఆ భూమి మీద కన్నుపడటం సులువు. ఉప్పు రైతుకు ధర దక్కడం, తంపర నిలవడం వేర్వేరు విషయాలు కావు.

నీరు, పచ్చిక, నిప్పు మనుషులందరి ఉమ్మడి సొత్తని ప్రవక్త (స) బోధించారని జుమా బయానుల్లో వింటూనే ఉంటాం. తంపర అంటే అచ్చంగా ఆ మొదటి రెండే.

చూడాలనుకుంటే

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. రైల్లో నౌపడ జంక్షన్‌లో దిగొచ్చు, బస్సులో టెక్కలి దాకా వచ్చి ఆటోలో తేలినీలాపురం వెళ్లొచ్చు. ఫజర్ అయ్యాక బయలుదేరితే పక్షులు మేతకు ఎగరడం కనిపిస్తుంది. పిల్లలను అరవనివ్వకండి, గూళ్ల కింద నిలబడకండి, చనిపోయిన పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. తిరిగి వచ్చేటప్పుడు ఉప్పు మడుల గట్టు దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగండి. వచ్చే బక్రీద్‌కు తోళ్ల మీద చల్లే గుప్పెడు గల్లుప్పు వెనక ఎంత కష్టముందో పిల్లలకు అక్కడే చూపించవచ్చు.