హైదరాబాద్ మేజరు, ఆయన రాసిన ఉత్తరం

2003లో వచ్చిన 'ఎల్‌ఓసీ కార్గిల్' అనే హిందీ సినిమాలో నాగార్జున ఒక సైనికాధికారి పాత్ర ధరించారు. అది కల్పిత పాత్ర అనుకునే కుర్రవాళ్ళు మా యానాంలో ఇప్పటికీ తారసపడుతుంటారు. కల్పితం కాదు. ఆయన మేజర్ పద్మపాణి ఆచార్య.

వారిది హైదరాబాద్‌లో స్థిరపడిన ఒరియా కుటుంబం. తండ్రి జగన్నాథ్ ఆచార్య వైమానిక దళంలో వింగ్ కమాండరు. 1965, 1971 యుద్ధాలలో పనిచేసినవారు. పద్మపాణి ఉస్మానియాలో పట్టా పుచ్చుకొని, మద్రాసులో శిక్షణ పొంది, 1994లో రాజపుతానా రైఫిల్స్‌లో అధికారిగా చేరారు.

1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో ఒక శత్రు స్థావరాన్ని పట్టుకునే బాధ్యత ఆయన కంపెనీ మీద పడింది. చుట్టూ మందుపాతరలు, పైనుంచి మెషీన్‌గన్లు. ముందు నడిచిన ప్లటూన్ మీద ఫిరంగి గుండ్లు పడి చాలామంది నేలకొరిగారు. దాడి అక్కడే ఆగిపోయేదే. వెనుక ఉంచిన ప్లటూన్‌ను వెంటబెట్టుకొని ఆయనే నిటారు బండ ఎక్కారు. తూటాల వానలో పాకుతూ వెళ్ళి బంకరులోకి గ్రనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో కూడా, నన్ను వదిలి ముందుకు పొండని జవాన్లను ఆజ్ఞాపించి కాల్పులు సాగించారు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. వయసు ముప్ఫై ఏళ్ళు.

అంతకు తొమ్మిది రోజుల ముందు, జూన్ 19న, తండ్రికి ఒక ఉత్తరం రాశారు. ప్రాణనష్టం ఈ వృత్తిలో ఉన్నదేననీ, పోరాడే అవకాశం జీవితంలో ఒక గౌరవమని అమ్మకు చెప్పమనీ అందులో ఉంది. అప్పుడు భార్య చారులత గర్భవతి. ఆమెకు రోజుకొక భారత కథ చెప్పండి, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బుతాయని కోరారు. మన ఇళ్ళలో దాదీలు, నానీలు ప్రవక్తల కిస్సాలు చెప్పి పిల్లల్ని పెంచటం ఇందుకే గదా! చదువు చెప్పి బతికేవాళ్ళం గనుక కాబోలు, బంకరు ముట్టడి కన్నా ఈ కోరికే మాకు ఎక్కువగా గుర్తుండిపోయింది.

యుద్ధంలో ఇంటివారికి కావలసిన గుండె నిబ్బరం వేరు. అదే రెజిమెంటుకు చెందిన ఢిల్లీ యువకుడు కెప్టెన్ హనీఫుద్దీన్ అదే నెలలో తుర్తుక్ కొండల్లో అమరుడయ్యాడు. పాతికేళ్ళు నిండలేదు. శత్రు కాల్పుల మధ్య ఆయన భౌతిక కాయాన్ని తేవటానికి నలభై రోజులు దాటింది. నా కొడుకు దేహం కోసం ఇంకొక తల్లి కొడుకు ప్రాణం ప్రమాదంలో పడకూడదని హేమా అజీజ్ సేనాధిపతికి చెప్పారు. ఆ మాట అనటానికి ఆ తల్లికి ఎంత గుండె కావాలి! హనీఫుద్దీన్‌కు వీరచక్ర లభించింది.

పద్మపాణికి మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. యుద్ధ పతకాలలో పరమవీర చక్ర తరువాతి స్థానం దానిదే. కూతురు అపరాజిత ఆయన పోయిన తరువాత పుట్టింది. తండ్రిని చూడని ఆ అమ్మాయే పెద్దదై, ఆయన జీవితం మీద ఒక పుస్తకం వెలువరించింది.